రాళ్ల మధ్య ఒక వీపు

ఎడారి. ఎండకి మాగిన పెద్ద బండ ఒకటి ఫొటో నిండా పరుచుకుని ఉంటుంది. దాని ముందు, దాదాపు అదే రంగులో, అదే గుండ్రదనంతో ఇంకో చిన్న బండ. మొదటి చూపుకి కనిపించేది అంతే. మళ్లీ చూస్తే ఆ చిన్న బండ మీద మడతలు, మధ్యలో నిలువుగా లోయలాంటి గీత కనిపిస్తాయి. అప్పుడు తెలుస్తుంది, అది రాయి కాదు, ఒక ఆడమనిషి వీపు. తల ముందుకి వంచి, చేతులూ కాళ్లూ ఒళ్లోకి ముడుచుకుని, ఒంటిమీద నూలుపోగు లేకుండా ఆమె బండ ముందు బండలా కూర్చుని ఉంది.

కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ఎడారిలో 2006లో తీసిన ఫొటో ఇది. తీసినామె లారా అగిలార్. అందులో ఉన్నదీ ఆమే. బాగా లావుపాటి మనిషి. ఏ అందాల పత్రికా, ఏ బట్టల కంపెనీ పిలిచి కెమెరా ముందు నిలబెట్టే ఒళ్లు కాదు ఆమెది. ఫైన్ ఆర్ట్ న్యూడ్ ఫొటోగ్రఫీ అనగానే మనలో చాలామందికి మెదిలే బొమ్మ వేరు. పడుచు వయసు, సన్నని నడుము, మచ్చలేని చర్మం. ఈ ఫొటో ముందు ఆ బొమ్మ నిలవదు. ఇక్కడ చూసేవాడికి ఎర వేయడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక శరీరం, దాని బరువు, దాని మీద పడే ఎండ.

బట్టలు లేకపోవడానికి తెలుగులో ఒక్క మాటే ఉంటే సరిపోయేది కాదు, అందుకే కాబోలు చాలా ఉన్నాయి. దిసమొల అన్నామంటే ఈసడించుకుంటున్నట్టు. వివస్త్ర అంటే ఎవరో బట్టలు లాగేసిన అవమానం, నిండు సభలో ద్రౌపది గుర్తొస్తుంది. నగ్నం అంటే ఉన్నది ఉన్నట్టు, నిజం పక్కన కూడా ఆ మాట చేరుస్తాం. దిగంబరం అంటే దిక్కులనే కట్టుకోవడం. ఇంగ్లిష్ కళావిమర్శకుడు కెన్నెత్ క్లార్క్ 1956లో వేసిన 'ది న్యూడ్' అనే పుస్తకాన్ని ఇలాంటి తేడాతోనే మొదలుపెట్టాడు. బట్టలు పోయి సిగ్గుతో ముడుచుకున్న ఒళ్లు వేరు, నిబ్బరంగా తనంత తానుగా నిలిచిన ఒళ్లు వేరు అన్నాడు. ఫొటోగ్రఫీకి వచ్చేసరికి ఈ తేడా మరీ సూటిగా ఉంటుంది. ఒంటిమీద గుడ్డ ఎంత ఉందన్నది కాదు, ఎవరి ఇష్టంతో తీశారన్నదే తేలుస్తుంది.

కెమెరా లోకానికి తెలిసింది 1839లో. ఆ వెంటనే పారిస్‌లో బట్టల్లేని మోడళ్ల ఫొటోలు మొదలయ్యాయి. చిత్రకారుల సాధన కోసమనే పేరుతో అమ్మేవారు. కొన్ని నిజంగానే అందుకు పనికొచ్చాయి. 1854లో యూజీన్ ద్యూరియు తీసిన ఫొటోలను ముందు పెట్టుకుని మహా చిత్రకారుడు దెలక్రువా గీతలు గీసుకున్నాడు. చాలావాటికి మాత్రం కళ అనేది పైకి తొడిగిన ముసుగు. ఆ అనుమానం ఈ కళను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

ఈ కళను సొంత కాళ్ల మీద నిలబెట్టిన వాళ్లలో అమెరికన్ ఎడ్వర్డ్ వెస్టన్ ముఖ్యుడు. 1930లో ఆయన ఒక బెంగళూరు మిరపకాయను రేకు గరాటులో పెట్టి ఫొటో తీశాడు. వంకర్లు తిరిగిన ఆ కాయ కండలు తిరిగిన మనిషి ఒళ్లులా కనిపిస్తుంది. ఆరేళ్ల తర్వాత కాలిఫోర్నియాలోని ఓషియానో ఇసుక తిన్నెల మీద చారిస్ విల్సన్ అనే అమ్మాయిని తీసినప్పుడు మనిషి ఒళ్లు ఇసుక అలలా కనిపించింది. ఆయన వాడింది ఎనిమిది అంగుళాలకి పది అంగుళాల నెగెటివ్ పట్టే పెద్ద కెమెరా. నెగెటివ్‌ను కాగితానికి ఆనించి అదే సైజులో ప్రింట్ తీసేవాడు, పెద్దది చేసేవాడు కాదు. అందుకే ఆ ఫొటోల్లో ఒక్కో ఇసుక రేణువూ, ఒక్కో నూగూ విడిగా తెలుస్తాయి.

అదే 1936లో వెస్టన్ తీసిన ఇంకో ఫొటోలో చారిస్ మోకాళ్లు ముడుచుకుని, తల వాటి మీదికి వాల్చి కూర్చుని ఉంటుంది. ముఖం కనబడదు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఫొటోల్లో ఒకటిగా పేరొచ్చింది దానికి. కుడి చేతి మీద పడిన నీడ వెస్టన్‌కి ఎప్పుడూ నచ్చలేదట. తన పాపిడి వంకరగా ఉండటం, తలలో పిన్నులు కనబడటం తనకి నచ్చలేదని చారిస్ తర్వాత రాసుకుంది. ఆ పిన్నుల మాట విన్నాక ఆ ఫొటోలోని నునుపైన ఆకారం ఒక్కసారిగా మనిషి అవుతుంది. పొద్దున తల దువ్వుకున్న ఒక అమ్మాయి అక్కడ కూర్చుంది మరి. వెస్టన్ చూపు అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ ఆ చూపుకి ఆనిన శరీరాలన్నీ ఇంచుమించు ఒక్క తీరువే. పడుచువి, సన్ననివి, తెల్లనివి.

ఆడవాళ్లు కెమెరా వెనక్కి వెళ్తే ఏమవుతుందో అప్పటికి ఇరవై ఏళ్ల ముందే తెలిసింది. ఇమోజెన్ కన్నింగ్‌హామ్ 1915లో తన భర్త రోయ్ పార్ట్రిజ్‌ను రెయినియర్ కొండ మీద బట్టల్లేకుండా నిలబెట్టి ఫొటోలు తీసింది. ఆడమనిషి మగవాణ్ని అలా చూడటమా అని సియాటిల్ ఊరు భగ్గుమంది. ఆమె ఆ నెగెటివ్‌లను దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది. కెమెరాను మాత్రం వదల్లేదు. తొంభై రెండేళ్ల వయసులో, తన ఈడు వాళ్లనే వెతుక్కుంటూ వెళ్లి ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. వాళ్లలో ఒకప్పుడు ప్రదర్శనల్లో పనిచేసిన వృద్ధురాలు ఒకామె ఉంది. ఒళ్లంతా పచ్చబొట్లు. పైబట్ట తీసి, ముడతలు పడిన చర్మం మీద వాడని ఆ పూలనూ తీగలనూ చూపిస్తూ నిబ్బరంగా కెమెరా ముందు నిలిచింది. అది 1976. అదే ఏడు కన్నింగ్‌హామ్ కన్నుమూసింది. ఆ ఫొటోల పుస్తకం 'ఆఫ్టర్ నైంటీ' మరుసటి ఏడు వచ్చింది.

ఒళ్లు ఫొటోలో ఎలా కనబడుతుందన్నది చాలావరకు వెలుతురు చేతిలో ఉంటుంది. ఎదురుగా మెత్తటి వెలుతురు పడితే ముడతలూ గుంటలూ కరిగిపోతాయి. పక్కవాటుగా పడితే ప్రతి గీతా, ప్రతి కుట్టు మచ్చా లేచి నిలబడతాయి. పాతకాలపు ఫిల్ముల్లో ఎరుపును పట్టుకోలేని రకం ఉండేది. దాంతో తీస్తే చర్మం ఉన్నదానికన్నా నల్లగా, మచ్చలు ముదురుగా వచ్చేవి. అన్ని రంగులూ పట్టే ఫిల్ముకి ఎర్ర ఫిల్టర్ బిగిస్తే అదే చర్మం పాలగచ్చులా మెరిసేది. ఇలాంటి ఫొటోలకి మోడల్‌ను పిలిచేటప్పుడు అనుభవమున్న ఫొటోగ్రాఫర్ ముందే చెప్పే మాట ఒకటుంది. వచ్చే ముందు కొన్ని గంటలు వదులు బట్టలు వేసుకోండి, బిగుతైన పట్టీలు వద్దు అని. ఇలాస్టిక్ అచ్చులు ఒంటి మీద చాలాసేపు పోవు. ఏ వెలుతురు ఎంచుకోవాలి, ఏ మచ్చ దాచాలి, ఏది చూపాలి అన్న ప్రతి నిర్ణయంలోనూ అందం మీద ఆ ఫొటోగ్రాఫర్‌కున్న అభిప్రాయం బయటపడుతుంది.

ఫిల్ముకీ ఒక అభిప్రాయం ఉండేది. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకి ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి బొమ్మ. ఆమె చర్మం సరిగ్గా వచ్చిందంటే రంగులు సరిగ్గా ఉన్నట్టే లెక్క. దాన్ని షర్లీ కార్డు అనేవారు. నల్లని ముఖాలు ఆ లెక్కలో మసిబారిపోయేవి. ముదురు కొయ్య సామాను అమ్మేవాళ్లు, చాక్లెట్ కంపెనీలు తమ సరుకు రంగు సరిగ్గా రావడం లేదని గోల పెట్టాక గానీ గోధుమ, నలుపు ఛాయల మీద గట్టిగా దృష్టి పడలేదు. మనుషుల మొర కంటే చాక్లెట్ మొర ముందు వినబడటం బాధ కలిగించే సంగతి. రకరకాల ఛాయల మనుషులున్న కార్డులు 1990లలో గానీ రాలేదు.

పెళ్లి ఆల్బమ్‌లో చామనఛాయ పెళ్లికూతురిని తెల్లగా మార్చేయడం చూసిన మనకి ఈ సంగతి కొత్తగా అనిపించదు. తెల్లగా ఉన్నవాళ్లని 'ఎర్రగా బుర్రగా' అని మెచ్చుకునే భాష మనది. బ్రెజిల్‌లో పుట్టి స్పెయిన్‌లో పనిచేస్తున్న ఏంజెలికా దాస్ 2012లో 'హ్యుమానే' అనే పని మొదలుపెట్టింది. ఇది పూర్తి నగ్నత్వం కాదు, భుజాల వరకే. బట్టలు కనబడకపోతే డబ్బు, కులం, ఉద్యోగం ఏవీ కనబడవు. ముక్కు మీది చిన్న చదరం నుంచి, పొడవూ వెడల్పూ పదకొండేసి పిక్సెళ్లున్న ముక్క నుంచి, రంగు తీసుకుని ఫొటో వెనక ఆ రంగే నింపుతుంది. కింద రంగుల కంపెనీ వాళ్ల నంబరు. ఇరవై దేశాల్లో నాలుగు వేలకి పైగా మనుషులను ఇలా తీసింది. వాటిలో నల్లవాడు లేడు, తెల్లవాడు లేడు. పసుపు, ఇటుక, తేనె, మట్టి, బాదం ఛాయలే.

వయసు మళ్లిన ఒంటిని ఫొటోకి తగిన వస్తువుగా నిలబెట్టిన వాళ్లలో జాన్ కోప్లన్స్‌ది ప్రత్యేకమైన చోటు. లండన్‌లో 1920లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు, ఆ తర్వాత చిత్రకారుడు, అమెరికా వెళ్లాక 'ఆర్ట్‌ఫోరమ్' పత్రిక పుట్టించిన వాళ్లలో ఒకడు, దాని సంపాదకుడు. అరవై దాటాక, 1984లో, అన్నీ పక్కనపెట్టి తన ఒంటినే ఫొటో తీసుకోవడం మొదలుపెట్టాడు. తనని తాను చూసుకోవడానికి వీడియో కెమెరాను టీవీకి తగిలించుకునేవాడు. భంగిమ కుదిరాక పక్కనున్న సహాయకుడు షట్టర్ నొక్కేవాడు. ముఖం మాత్రం ఎక్కడా కనబడదు. ఒక ఫొటోలో రోమాల వీపు, పైన చిన్నగా రెండు పిడికిళ్లు. మెడా తలా లేని ఆ ఆకారం ఏ ఆదిమ దేవుడి విగ్రహమో అనిపిస్తుంది. వేలాడే పొట్ట, పగిలిన మడమలు, ఉబ్బిన నరాల చేతులు గోడంత ప్రింట్లుగా మ్యూజియాల్లోకి వెళ్లాయి. ముఖం లేకపోవడం వల్ల అది ఆయన ఒళ్లు మాత్రమే కాదు, మన తాతలందరి ఒళ్లూ అవుతుంది.

జబ్బు మిగిల్చిన మచ్చ కూడా ఇలాగే వెలుగులోకి వచ్చింది. 1993 ఆగస్టు 15న న్యూయార్క్ టైమ్స్ ఆదివారం మ్యాగజైన్ ముఖచిత్రం మీద మతూష్కా అనే కళాకారిణి తానే తీసుకున్న ఫొటో అచ్చయింది. తెల్ల గౌను, ఒక పక్క భుజం నుంచి కిందికి తెరిచి ఉంది. రొమ్ము ఉండాల్సిన చోట శస్త్రచికిత్స మచ్చ. పొద్దున్నే కాఫీ తాగుతూ పత్రిక తీసిన వాళ్లు ఉలిక్కిపడ్డారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి, మెచ్చుకునేవి కొన్ని, తిట్టేవి కొన్ని. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన ఆడవాళ్లు చాలామంది అంతవరకు తమ ఒంటిని అద్దంలో చూసుకోవడానికే జంకేవారు. అలాంటి ఒళ్లు ఒక పెద్ద పత్రిక అట్ట మీద తలెత్తుకుని నిలబడింది.

ఇక లారా అగిలార్. 1959లో లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ గాబ్రియెల్‌లో, మెక్సికన్ మూలాలున్న కుటుంబంలో పుట్టింది. విన్న మాటను మెదడు సరిగ్గా పోల్చుకోలేని ఇబ్బంది ఆమెది. చదువు కష్టమైంది, మాట్లాడటమూ కష్టమైంది. అన్న దగ్గర డార్క్‌రూమ్ పని నేర్చుకుంది. నోరు చెప్పలేనిది ఫొటో చెప్పగలదని అక్కడే తెలిసింది. లావు, పేదరికం, స్వలింగ ప్రేమ, గోధుమ రంగు చర్మం. చుట్టూ ఉన్న లోకం ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్నీ మెచ్చేది కాదు. ఆమె నాలుగింటినీ కెమెరా ముందుకు తెచ్చింది.

1989 నాటి 'ఇన్ శాండీస్ రూమ్' చూడండి. ఉక్కపోత మధ్యాహ్నం. తెరిచిన కిటికీ, ఎదురుగా ఫ్యాన్, చేతిలో చల్లని గ్లాసు. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న లారా, ఒంటిమీద ఏమీ లేదు. యూరప్ చిత్రకళలో పాన్పు మీద వాలిన నగ్న సుందరులు వందల ఏళ్లుగా ఉన్నారు. వాళ్లంతా ఎవరో చూడటానికి పడుకున్నవాళ్లు. ఈమె ఎండకి తాళలేక సేద తీరుతోంది. అంతే. మే నెలలో తలుపులు మూసుకుని ఫ్యాన్ కింద కూర్చున్న ఎవరికైనా ఈ ఫొటో అర్థమవుతుంది.

తర్వాత 'క్లోద్డ్/అన్‌క్లోద్డ్' వరసలో తన స్నేహితులను, జంటలను, తెలిసినవాళ్లను జోడు ఫొటోలుగా తీసింది. ఎడమ పక్క బట్టలతో, కుడి పక్క లేకుండా. 1996లో న్యూ మెక్సికో వెళ్లి తన ఒంటిని ప్రకృతిలో పెట్టి చూసుకుంది. నలుపు తెలుపుల్లో తీసిన ఆ 'నేచర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్' ఫొటోల్లో చెట్లున్నాయి, నీటి మడుగులున్నాయి, బండలున్నాయి. లావు అనేది ఊళ్లోనే తప్పు, ఎడారిలో కాదు. బండ లావుగా ఉందని ఎవరూ అనరు. ఆ సంగతిని ఆమె ఒక్క మాట లేకుండా చెప్పింది. ఆమె పనంతటిలో గుండెకి తగిలేది ఇదే.

ఒంటరి శరీరం నుంచి వేల శరీరాలకు వెళ్తే స్పెన్సర్ ట్యునిక్ కనిపిస్తాడు. న్యూయార్క్ వీధుల్లో నగ్న మనుషులను ఫొటో తీస్తున్నందుకు 1990లలో పోలీసులు ఆయన్ని పలుమార్లు పట్టుకెళ్లారు. కోర్టుకెళ్లి గెలిచాడు. 2007లో మెక్సికో నగరపు పెద్ద కూడలిలో 18 వేల మంది ఆయన కోసం బట్టలు విప్పి నిలబడ్డారు. 2016 జూలై 9న ఇంగ్లండ్‌లోని హల్ అనే ఓడరేవు ఊళ్లో 3,200 మంది తెల్లవారకముందే ఒక పార్కులో చేరారు. ఫెరెన్స్ ఆర్ట్ గ్యాలరీ పిలుపు అది. ఆ గ్యాలరీలో సముద్రపు చిత్రాలు చాలా ఉన్నాయి, వాటిలోంచి తీసుకున్న నాలుగు నీలి ఛాయల రంగు డబ్బాలు అందరికీ పంచారు. జుట్టు నుంచి పాదాల దాకా పూసుకుని, చలిలో వణుకుతూ వీధుల్లోకి వచ్చారు. ముసలివాళ్లున్నారు, నడవలేనివాళ్లున్నారు, మచ్చలున్నవాళ్లున్నారు. అటు చూసినా ఇటు చూసినా నీలమే. ఒకప్పుడు నీళ్లుండి పూడ్చేసిన రేవు స్థలంలోకి మనుషుల సముద్రం తిరిగొచ్చినట్టు ఉంది ఆ ఫొటో.

పాల్గొన్నవాళ్లకి జీతం ఉండదు, ఆ ఫొటో ప్రింటు ఒకటి ఇస్తారు. 2022 నవంబరులో సిడ్నీ బోండై బీచ్‌లో తెల్లవారుజామున 2,500 మందిని నిలబెట్టినప్పుడు ఆ అంకెకి ఒక అర్థం ఉంది. ఆస్ట్రేలియాలో ఏటా చర్మ క్యాన్సర్‌తో పోయేవాళ్లు ఇంచుమించు అంతమంది. చర్మాన్ని పరీక్ష చేయించుకోండని చెప్పడానికి చర్మాన్నే చూపించారు.

మన పొరుగున కూడా ఈ కళకి ఒక పెద్ద మనిషి ఉన్నాడు. కొలంబోలో 1900లో పుట్టిన లయొనెల్ వెంట్ లాయరు, పియానో వాద్యకారుడు, ఫొటోగ్రాఫర్. గోధుమ వన్నె సింహళ శరీరాల మీద వెలుతురు ఆడే తీరును ఆయనంత ప్రేమగా పట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో అరుదు. 1944లో అకస్మాత్తుగా పోయాడు.

ఇండియాలో ఇలాంటి ఫొటో నేరమా కాదా అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి సుప్రీం కోర్టుకి ఒక ఫొటోనే కారణమైంది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకి కాబోయే భార్య బార్బరా ఫెల్టస్ బట్టల్లేకుండా పక్కపక్కన ఉన్న ఫొటో అది. ఆయన తెల్లవాడు, ఆమె నల్లని ఛాయ అమ్మాయి. ఆయన చెయ్యి ఆమె రొమ్మును కప్పి ఉంటుంది. తీసింది ఎవరో కాదు, బార్బరా తండ్రే. చర్మం రంగు ప్రేమకి అడ్డు కాదని చెప్పడానికి జర్మనీ పత్రిక 'స్టెర్న్' వేసింది. 1993లో కలకత్తా నుంచి వచ్చే 'స్పోర్ట్స్ వరల్డ్', 'ఆనంద బజార్ పత్రిక' దాన్ని మళ్లీ అచ్చేశాయి. ఒక లాయరు అశ్లీలమంటూ కేసు వేశాడు. తేలడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2014 ఫిబ్రవరి 3న జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ ఆ కేసు కొట్టేశారు. నగ్నంగా ఉన్నంత మాత్రాన ఏ ఫొటో అశ్లీలం కాదన్నారు. 1868 నాటి ఇంగ్లండ్ తీర్పు కొలబద్దను వదిలేసి, నేటి సమాజం చూపుతో, ఫొటో చెప్పదలచిన మాటతో కలిపి చూడాలన్నారు. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఇలాంటి కేసులో ముందుగా చూడాల్సిన తీర్పు ఇదే.

అశ్లీలతను శిక్షించే చట్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్. కళ కోసం, విద్య కోసం ప్రజలకు మేలు చేసేలా ప్రచురించిన వాటికి, పాత గుళ్లలోని శిల్పాలకి అందులో మినహాయింపు ఉంది. 1213 నాటి శాసనమున్న మన రామప్ప గుడి చూరు కింద పాములు చుట్టుకున్న నల్లరాతి నాగిని ఆ మినహాయింపు నీడలోనే నిలబడి ఉంది. అదే సంహితలో 77వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది. ఒక ఆడమనిషి ఫొటో తీయడానికి ఒప్పుకుని, పదిమందికి చూపడానికి ఒప్పుకోకపోతే, చూపడం నేరం. ఒప్పుకోలు ఒకటి కాదు, రెండు అని చట్టం గుర్తించింది. దొంగచాటు వీడియోలు, కంప్యూటర్‌లో అతికించిన నకిలీ నగ్న చిత్రాలు ఆడపిల్లల బతుకులు చిదిమేస్తున్న ఈ రోజుల్లో ఈ మాటను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మంచి ఫొటోగ్రాఫర్లు ఈ రెండు ఒప్పుకోలులనూ కాగితం మీద విడివిడిగా రాయించుకుంటారు. స్టూడియోలో మోడల్‌కి బట్టలు మార్చుకునే గది, తోడు మనిషిని తెచ్చుకునే వీలు, ఎప్పుడైనా ఇక చాలని ఆపేసే హక్కు ఇస్తారు.

అగిలార్ తనను తాను తీసుకున్న ఫొటోల్లో ఈ ఒప్పుకోలు ఎవరూ ఎవరినీ అడగనవసరం లేదు. మోడలూ ఆమే, కెమెరా మనిషీ ఆమే. 2017లో తాను చదువుకున్న ఈస్ట్ లాస్ ఏంజెలెస్ కాలేజీలోని విన్సెంట్ ప్రైస్ మ్యూజియంలో ఆమె ముప్పై ఏళ్ల పనిని ఒక్కచోట పేర్చి చూపించారు. ఆ ప్రదర్శనను రూపొందించింది అదే కాలేజీలో ఆమెకి పాఠం చెప్పిన సిబిల్ వెనెగాస్. అప్పటికే మధుమేహంతో లారా మూత్రపిండాలు పాడైపోయాయి. 2018 ఏప్రిల్ 25న, యాభై ఎనిమిదేళ్లకి ఆమె పోయింది. ప్రదర్శన మాత్రం ఊరు మారి ఊరు తిరిగింది, షికాగో వెళ్లింది, న్యూయార్క్ వెళ్లింది. దానిలో 1996 నాటి ఒక ఫొటో ఉంటుంది. నీటి మడుగు అంచున లారా పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. తలకిందులుగా ఇంకో లారా నీళ్లలోంచి ఆమెను ఆనుకుని ఉంటుంది, అంతే లావుగా, అంతే నెమ్మదిగా.